ఎడమవైపు స్టీరింగు

మా మేనమామ కూతురు రమణమ్మ పోయిన నెలలో హైదరాబాదు వచ్చినప్పుడు తుప్పు పట్టిన పాలపొడి డబ్బా ఒకటి నా చేతికిచ్చింది. "నాయన పెట్టెలో ఉండె వదినా. నీదేనని అమ్మ చెప్పింది," అంది. లోపల పాత పంచె గుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ కారు ఉంది. ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైనా నా బల్ల సొరుగులో వెర్నియర్ కాలిపర్ ఇప్పటికీ ఉంటుంది, దానితో కొలిచాను. కారు పొడవు ఇరవై సెంటీమీటర్లకు రెండు మిల్లీమీటర్లు తక్కువ. నాలుగు చక్రాలూ బల్ల మీద సమంగా ఆనుతున్నాయి. రెండు ఇరుసుల మధ్య దూరం ఎడమవైపు ఎంతో కుడివైపూ అంతే. తేడా నా పరికరానికి అందలేదు. తలుపుల అంచులు వెంట్రుక పట్టనంత దగ్గరగా కలిశాయి, ముందు అద్దం మీద ఒక్క వేలిముద్ర లేదు. ఎవరో చెడగొట్టిన బొమ్మను పదమూడేళ్ళ పిల్ల విప్పి తిరిగి ఇంత నేరుగా కట్టిందంటే మెచ్చుకోవలసిందే. ఆ పిల్లను నేనే. ఈ కారులో తప్పు ఒక్కటే ఉంది: ఇది అమెరికాలో తయారైన కారు, దీని స్టీరింగు కుడివైపు ఉంది.

అప్పట్లో మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. కొత్త రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. పల్లెపల్లెకూ బడి తెరుస్తున్నారు, ప్రతి బడికీ పలకలు కావాలి. మా నాయన పలకల కార్ఖానా, మేమున్న ఇల్లు ఒకే ఆవరణలో ఉండేవి. ఇంటి గోడలకు పలక రాయి, నేలకు పలక రాయి, పొయ్యి చుట్టూ పేర్చినదీ పలక రాయే. తెల్లవారగానే మాకు వినిపించేది ఉలి మీద సుత్తి పడే చప్పుడు. ముక్కుకు తగిలేది చట్రాల మూలలు అతికించడానికి కాచే బంక వాసన. గొడ్ల తోళ్ళ నుంచి తీసే ఆ బంక కాగుతుంటే పొరుగువాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన వచ్చిందంటే పని సాగుతున్నదన్న ధైర్యం. రాతి పొడి అన్నిటి మీదా పడేది. అమ్మ అన్నం వడ్డించే ముందు ప్రతి కంచాన్నీ బోర్లించి గోడకు రెండుసార్లు తట్టేది, తడిగుడ్డతో తుడిచేది, మళ్ళీ తట్టేది. అయినా సంగటి ముద్దలో ఎక్కడో ఒకచోట పంటి కింద సన్నగా కరకరమనేది. ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

నాయన నడుముకు తుండుగుడ్డ, తుండుగుడ్డలో మూలమట్టం ఎప్పుడూ ఉండేవి. భోజనానికి వేసిన పీట వాలుగా ఉంటే కూర్చునేవాడు కాదు. దాని కింద పలక ముక్క ఒకటి పెట్టించి, అరచేతితో ఊపి చూసి, అది కదలదని తేలాకే కూర్చునేవాడు. కార్ఖానాలో ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఆ వీధిలో అందరికీ తెలుసు. చట్రం మూల విచ్చుకున్నా, పలక అంచు పెచ్చు లేచినా దాన్ని పక్కన పారేయనిచ్చేవాడు కాదు. చేసినవాడు ఆ పలక మీద బలపంతో తన పేరు రాసి వాకిలి పక్క మేకుకు తగిలించాలి. పొద్దుగూకే దాకా అది అక్కడే వేలాడాలి. వచ్చేపోయే వాళ్ళు చదవాలి. పనివాళ్ళలో చాలామందికి రాత రాదు. రానివాళ్ళ పేర్లు నేను రాసేదాన్ని. రోజూ వందల కొద్దీ పలకలు చేసే మనుషులకు పలక మీద తమ పేరు రాసుకోవడం రాదన్న సంగతి నాకు అప్పుడు వింతగా తోచలేదు. నా అక్షరాలు గుండ్రంగా ఉండేవి. పేరు రాయించుకునేవాడు పక్కన నిలబడి ఉండగా, తొందర పడకుండా, ఒత్తులూ దీర్ఘాలూ శ్రద్ధగా దిద్దేదాన్ని. అది నాకు ఇష్టమైన పని.

ఆ రోజుల్లోనే నాయనకు దగ్గరి చూపు తగ్గింది. పలకను వేళ్ళతో తడిమి తప్పు చెప్పగలిగేవాడు గానీ చిన్న వస్తువు, సన్నని గీత కనిపించేవి కావు. కళ్ళజోడు పెట్టుకుంటే పనివాళ్ళు లోకువ కడతారని పెట్టుకోలేదు. ఆ లోటు నా చేత తీర్చుకునేవాడు. చట్రం మూలలో సందుందా, మేకు తల చట్రంలో దిగిందా, కొలత కొలబద్ద మీద ఏ గీత దగ్గర ఆగింది, ఇవన్నీ నేను చూసి చెప్పాలి. "నా కండ్లు పాప దగ్గర పెట్టినా," అని వ్యాపారానికి వచ్చినవాళ్ళతో అనేవాడు. నేను చూసి చెప్పినదాన్ని ఆయన రెండోసారి ఎవరినీ అడిగేవాడు కాదు. ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం అది. నన్ను ఆపై చదివించాలా, బడి మాన్పించాలా అన్నది ఇంట్లో ఎవరూ నా ముందు అనకపోయినా నానుతూనే ఉంది. అమ్మ నాకు చీర కట్టడం నేర్పడం మొదలుపెట్టింది.

ఓబులేసు మామ అమ్మకు ఆఖరి తమ్ముడు. గిద్దలూరు అవతల, నల్లమల అంచున వాళ్ళ ఊరు, మేకల కుటుంబం. మేకల వెంట తిరగడం ఇష్టం లేక చిన్నప్పుడే మార్కాపురం వచ్చి, ఊరి బయట మిషన్ బంగళాలో డాక్టరు దొరసాని దగ్గర జీపు కడిగే పనిలో కుదిరాడు. కడగడం నుంచి తోలడం నేర్చాడు. అది యుద్ధం నాటి అమెరికా జీపు. దొరసాని దేశం వదిలి పోయినప్పుడు జీపు ఎటో పోయింది, మామ మా ఇంటికి వచ్చాడు. కార్ఖానాలో ఆయనకు ఫలానా పని అంటూ లేదు. బరువులు మోసేవాడు, అమ్మకు నీళ్ళు తెచ్చేవాడు, ఎవరు ఏది చెబితే అది చేసేవాడు. ఆయన మనసంతా నాయన కొనబోయే లారీ మీద ఉండేది. అప్పటిదాకా పలకలు స్టేషనుకు ఎద్దుల బండ్ల మీద పోయేవి. గిరాకీ పెరిగి బండ్లు చాలక నాయన పాత లారీ ఒకటి బేరం ఆడుతున్నాడు. దానికి డ్రైవరు మామే కావాలని అమ్మ కోరిక. ఆ మాట ఆమె నాయనతో ఒకటి రెండుసార్లు అనగా విన్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. చూద్దామన్నాడు. మామ అప్పుడే కాకీ చొక్కా ఒకటి కుట్టించుకుని, మడతపెట్టి దాచుకున్నాడు.

దొరసాని సామాను పంచిపెట్టినప్పుడు మామ వంతుకు వచ్చిన వాటిలో ఆ పాలపొడి డబ్బా ఉంది. దొరసాని కొడుకు మొదలుపెట్టి వదిలేసిన బొమ్మ కారు అందులో ఉంది. సగం అతికిన పైభాగం, కొన్ని విడిభాగాలు, ఇంకా ప్లాస్టిక్ పుల్లలకు అంటుకునే ఉన్న చిన్నచిన్న ముక్కలు. ఎలా కట్టాలో చెప్పే కాగితం లేదు, పెట్టె మీద బొమ్మ లేదు. మామ దాన్ని ఎన్నాళ్ళు కట్టాడో తెలియదు. ప్లాస్టిక్ అతికే మందు లేక చట్రాల బంకతోనే అతికించాడు. ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను వసారాలో కూర్చుని ఉంటే తెచ్చి నా ముందు పెట్టాడు. "మన లారీ ఇంకా రాలే కదా పాపా, అందాక దీంట్లో తిరుగుదాం," అన్నాడు. ఆయన గోళ్ళ చుట్టూ బంక ఎండి పసుపురంగు పొలుసులుగా ఉంది. నా కోసమే కట్టాడని అడగకుండానే తెలుస్తూ ఉంది.

నేను దాన్ని తిరగేసి చూశాను. అప్పుడు నేను చేసినది ఉన్నదున్నట్టు రాస్తాను. దానిలోని తప్పులు ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ పైకి లెక్కపెట్టాను. వెనక ఇరుసు వంకర. ఎడమ ముందు చక్రం గాలిలో ఉంది. కుడి తలుపు కిందికి జారింది. అద్దం మీద వేలిముద్ర. బానెట్టు మూయడం లేదు. బంక కారి సీటు మీద గడ్డకట్టింది. మొదటి నాలుగు తప్పులకు మామ నవ్వాడు. అయిదో దానికి నవ్వబోయి ఆగాడు. పద్నాలుగు దాకా లెక్కపెట్టాను. పద్నాలుగోది స్టీరింగు ఎడమవైపు ఉండటం. మార్కాపురంలో నేను చూసిన బస్సులన్నిటికీ అది కుడివైపే. మిషన్ జీపు వీధిలో పోతుంటే దుమ్ము తప్ప ఏమీ చూసినదాన్ని కాదు.

నా లెక్క విని నాయన కార్ఖానా నుంచి వచ్చాడు. కారును చేతిలోకి తీసుకుని పలక తడిమినట్టు తడిమాడు. నున్నటి పలక ఒకటి తెప్పించి దాని మీద కారు పెట్టి, ఒక మూల వేలితో నొక్కాడు. కారు కుంటి బల్లలా ఊగింది. పలక మీద పేరు రాయమన్నాడు. మామకు సంతకం వచ్చు. అయినా నాయన బలపం నా చేతికే ఇచ్చాడు. 'ఓబులేసు' అని రాశాను. కారును తాడుతో ఆ పలకకు కట్టి వాకిలి మేకుకు తగిలించారు. అన్నాలు తిని పనికి మళ్ళుతున్న పనివాళ్ళు అక్కడ గుమిగూడారు. నాయన వేలు కారు లోపలికి పోయి స్టీరింగు మీద ఆగింది.

"ఏందిరా ఓబులేసూ, డ్రైవరును కిలీనరు సీట్లో కూర్చోబెట్టినావే," అన్నాడు.

అందరూ నవ్వారు. మామ కూడా కాస్త నవ్వి, దొరసాని జీపుకు ఎడమవైపే ఉండేదని, అమెరికా బండ్లన్నీ అంతేనని చెప్పబోయాడు. నాయన వినిపించుకోలేదు. ఆ జీపు తోలి తోలి వీడికి కుడి ఎడమల తేడా పోయిందన్నాడు. లారీ పోయేది సర్కారు రోడ్డు మీద గానీ మిషన్ ఆవరణలో కాదన్నాడు. మళ్ళీ నవ్వులు. అప్పుడు మామ, ఎన్నడూ లేనిది, బావకు ఎదురు చెప్పాడు.

"ఆ స్టీరింగు బొక్క కారు చేసినోళ్ళు పెట్టిందే బావా. నేను పొడిచింది కాదు. యాడ బొక్కుంటే ఆడ పెట్టినా."

నాయన గుమిగూడిన వాళ్ళందరినీ ఒకసారి కలయజూశాడు. "సరే. పాప దీన్ని విప్పి మళ్ళా కడతాది. బొక్క వాళ్ళు పెట్టిందే అయితే లారీ తాళం నీ చేతికే ఇస్తా, ఇంతమంది సాక్ష్యం. నువ్వు పొడిచిందైతే పలకల రుద్దుడు కాడ కూర్చో," అన్నాడు. మామ తలూపాడు. ఆయన ముఖంలో భయం లేదు. గెలిచినవాడి నిబ్బరం ఉంది. బొక్క ఎవరు పెట్టిందో ఆయనకు తెలుసు. నేను చూస్తే నాకూ తెలుస్తుందని ఆయన ధైర్యం.

విప్పడానికి మూడు రోజులు పట్టింది. స్నానాలకు కాచిన నీళ్ళు, చెయ్యి పెట్టగలిగేంత వేడికి చల్లారనిచ్చి, కారును అందులో ముంచాను. తోలు బంక వేడినీళ్ళలో కరుగుతుంది. ప్లాస్టిక్ అతికే మందు కరగదు. పావుగంటలో మామ అతికించిన భాగాలన్నీ తమంతట తాము విడిపోయి నీళ్ళలో తేలాయి. దొరసాని కొడుకు అతికించినవి అలాగే ఉండిపోయాయి. వాటిని రాయి చీల్చేవాళ్ళ పద్ధతిలో విడదీశాను: ఒక్కచోట బలం పెట్టకూడదు, సందులో బ్లేడు ఆనించి, అంచు పొడవునా చిన్నచిన్న దెబ్బలు వేసుకుంటూ పోవాలి, పొర ఎక్కడ విడిపోవాలో అక్కడే విడిపోతుంది. ముక్కలన్నీ పెద్ద పలక మీద పరిచి, పక్కన బలపంతో అంకెలు వేశాను. ఏ అతుకు ఎవరిదో దానితో తేటతెల్లమైంది. వంకర ఇరుసు దొరసాని కొడుకుది. జారిన తలుపు అతనిది. అద్దం మీద వేలిముద్ర అతనిదే. మందు తగిలిన చోట ప్లాస్టిక్ కరిగి ఆ ముద్ర పడింది, బంకతో అలా పడదు. నేను లెక్కపెట్టిన పద్నాలుగింటిలో తొమ్మిది ఆ తెల్లపిల్లవాడివి. వంకర ఇరుసు మీద చక్రం నిలవాలని మామ దాని కింద ఈనెపుల్ల ముక్క ఒకటి సన్నగా చెక్కి పెట్టాడు. తప్పును సరిదిద్దడానికి తనకు చేతనైనంత చేశాడు.

ఇక స్టీరింగు. డాష్‌బోర్డు ముక్కను వెలుతురుకు పట్టుకుని చూశాను. బొక్క ఎడమవైపు ఉంది. దాని అంచు గుండ్రంగా, నున్నగా, లోపలి దాకా ఒకే వెడల్పుతో ఉంది. దబ్బనంతో పొడిస్తే అంచు లేస్తుంది. కాల్చి పొడిస్తే చుట్టూ కరిగి గట్టుకడుతుంది. ఇది రెండూ కాదు. అచ్చులోనే పడిన బొక్క. నేల ముక్క మీద ఎడమవైపే రెండు చిన్న మిట్టలు ఉన్నాయి, కాళ్ళతో తొక్కే పెడళ్ళ గుర్తులు. కుడివైపు ఏమీ లేదు. ఆ కారును తయారుచేసినవాళ్ళు డ్రైవరును ఎడమవైపే కూర్చోబెట్టారు. ఇందులో అనుమానానికి చోటు లేదు, నాకు కలగనూ లేదు.

మూడో రోజు మధ్యాహ్నం నాయన పనివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. మామ అందరికంటే ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. నాయన పలక మీద పరిచిన ముక్కల వరస చూసి తల పంకించాడు, ఆ అంకెలు ఆయనకు నచ్చాయని తెలిసింది.

"చెప్పు పాపా. బొక్క ఎవురు పెట్టింది?"

డాష్‌బోర్డు ముక్క నా వేళ్ళ మధ్య ఉంది. "మామే పొడిచినాడు నాయనా," అన్నాను.

నాయన ఆ ముక్కను చేతిలోకి తీసుకోలేదు. తీసుకున్నా కనిపించేది కాదు. పనివాళ్ళలో ఒకాయన, రాయి చీల్చే ముసలాయన, "అయితే కిలీనరేనబ్బా," అన్నాడు. ఆ నవ్వు చాలాసేపు సాగింది. మామ ఎవరివైపూ చూడలేదు. నావైపు చూశాడు. కోపంగా కాదు, నేను ఇంకేదో చెప్పబోతున్నానని, ఆ మాట ఇంకా పూర్తికాలేదని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. ఆయన ఒక అడుగు ముందుకు వేసి ముక్క అందుకుని ఉంటే, పది కళ్ళలో ఒకటైనా అంచు నున్నదనం పట్టేది. ఆయన అందుకోలేదు. కాసేపటికి బయటికి పోయాడు. చొక్కా విప్పి భుజాన వేసుకుని రుద్దుడు పాక వైపు నడవడం కిటికీలో నుంచి కనిపించింది.

ఎందుకలా చెప్పానని నన్ను నేను చాలాసార్లు అడిగాను, కారణాలు కూడా సమకూర్చుకున్నాను. నాయన అందరి ముందూ నవ్వి ఉన్నాడు. బొక్క వాళ్ళదే అంటే ఆయన నవ్వు తప్పు అవుతుంది, ఆయన తప్పు కావడం నేను ఎన్నడూ చూడలేదు. నా చదువు సంగతి తేలలేదు. ఆయన మెప్పు నాకు కావాలి. ఇవన్నీ నిజాలే, కానీ తర్వాత వెతుక్కున్నవి. ఆ క్షణంలో ఉన్నది వేరు. మొదటి రోజు నవ్వులో నాకూ వాటా ఉంది, నా లెక్కతోనే అది మొదలైంది, అది బాగుంది. మళ్ళీ ఒకసారి కావాలనిపించింది. ఒక మనిషి బతుకు ఎటు పోవాలో నా నోట ఆగి ఉందని తెలిసి, ఆ తెలియడం కూడా బాగుంది. ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను.

తర్వాత పని తేలిక. ముక్కలు అంటుకుని వచ్చిన ప్లాస్టిక్ పుల్లను దీపం సెగకు మెత్తబరచి ఎడమవైపు బొక్కలో నింపాను. గట్టిపడ్డాక బ్లేడుతో సమం చేశాను. దబ్బనం ఎర్రగా కాల్చి కుడివైపు కొత్త బొక్క వేశాను. పెడళ్ళ మిట్టలు రెండింటినీ గీకేశాను. గీకిన చోటు నున్నని పలక ముక్కతో రుద్ది మెరుపు తెప్పించాను. ఇరుసులను వేడినీళ్ళలో మెత్తబరచి, మూలమట్టం అంచుకు ఆనించి, చల్లారే దాకా కదలకుండా కట్టి ఉంచాను. అద్దాన్ని బట్టా బూడిదా పెట్టి రెండు పూటలు రుద్దాను. కారు పూర్తయిన రోజు నాయన దాన్ని పలక మీద పెట్టి నాలుగు మూలలా నొక్కాడు. కదల్లేదు. తన బల్ల మీద పెట్టించుకుని, వచ్చిన ప్రతి వ్యాపారికీ చూపించాడు. నేను చదువుకు ఊరు వదిలాక అది మళ్ళీ మామ డబ్బాలోకి ఎప్పుడు చేరిందో నాకు తెలియదు. ఆ వారంలోనే అమ్మతో, పాపను చదువు మాన్పించొద్దు, ఎంతదాకా చదివితే అంతదాకా చదవనీ అన్నాడు. మరునాడు పొద్దున జడ వేస్తూ అమ్మ మామూలు కంటే గట్టిగా లాగి పాయలు అల్లింది. "నీకు మీ నాయన చేతులే వచ్చినాయి," అంది. అంతకుమించి ఆమె ఆ సంగతి నాతో ఎత్తలేదు.

లారీ వచ్చింది. పొదిలి నుంచి ఒకతను డ్రైవరుగా వచ్చాడు. మామ రుద్దుడు పాకలో కూర్చున్నాడు. కోసిన పలకలను ఇసుక రాతితో నున్నగా రుద్దడం అక్కడి పని. తడిపి రుద్దితే పొడి లేవదు గానీ ఆరబెట్టడానికి చోటు కావాలి, రోజు పోతుంది. అందుకని మా కార్ఖానాలో పొడిగానే రుద్దేవారు. సాయంత్రం పాక నుంచి బయటికి వచ్చేవాళ్ళ కనుబొమలు, ముక్కు పుటాలు, చెవుల వెంట్రుకలు బూడిదరంగులో ఉండేవి. మామ నీళ్ళ తొట్టి దగ్గర నోరు పుక్కిలిస్తే మొదటి మూడు పుక్కిళ్ళు సిమెంటు నీళ్ళలా పడేవి. ఊళ్ళో ఆయనకు కిలీనరు ఓబులేసు అని పేరు పడింది. ఆయన ఏ లారీకీ కిలీనరుగా పనిచేయలేదు. చాలామందికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు. ఆయన పెళ్ళి శుభలేఖలు పంచేటప్పుడు కూడా ఎవరి పెళ్ళి అంటే కిలీనరుది అన్నారు. నాయన మాత్రం ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. పని పక్కాగా చేస్తాడని, ఓబులేసు రుద్దిన పలక మేకుకు ఎక్కదని అనేవాడు. అది మెప్పే. నాయన దృష్టిలో ఆయన చేసింది న్యాయమే. కళ్ళు చెప్పినదాని మీద తీర్పిచ్చాడు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. కళ్ళు నావి.

నేను ఇంజనీరింగు చదివాను. హైదరాబాదులో పెద్ద కర్మాగారంలో తనిఖీ విభాగంలో చేరి ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. యంత్ర భాగాలను కొలిచి ఇది పనికివస్తుంది, ఇది రాదు అని సంతకం పెట్టడం నా ఉద్యోగం. నా సంతకం ఉన్న కాగితం తప్పని ఒక్కసారి కూడా తేలలేదు; విరమణ సభలో ఆ మాటే చెప్పి శాలువా కప్పారు. అక్కడ తిరస్కరించిన భాగానికి ఎర్ర చీటీ కట్టేవాళ్ళం. చీటీ మీద భాగం సంఖ్య, తప్పు, తేదీ మాత్రమే ఉంటాయి, చేసినవాడి పేరు ఉండదు. ఆ పద్ధతి మంచిదని కొత్తగా చేరిన వాళ్ళకు పాఠంలా చెప్పేదాన్ని. ఇప్పుడు మార్కాపురంలో పలక రాయిని విదేశీ భవనాల గోడలకు పంపుతారట. పిల్లల పలకలు ప్లాస్టిక్‌వి వచ్చాయి. రాయి కోసేచోట నీళ్ళు చిమ్ముతూ కోస్తారని, మూతికి గుడ్డలు కట్టుకుంటారని విన్నాను. అంతా కట్టుకుంటారో లేదో తెలియదు. మొన్న ఆ ఊరి మీదుగా పోతూ చూసిన ఒక కార్ఖానా ముందు చెట్టు ఆకులు అప్పటిలాగే బూడిదరంగులో ఉన్నాయి. అప్పటికంటే ఇప్పుడు నయమని రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అప్పుడు ఒక్కరికైనా నయం చేయగలిగే చోట నేను ఉండి కూడా, చేయలేదు గనక.

ఉద్యోగంలో చేరి ఏడెనిమిదేళ్ళు అయ్యాక, మామకు ఆయాసం ముదిరిందని అమ్మ ఉత్తరం రాయించింది. సెలవు పెట్టి వెళ్ళాను. దారి పొడవునా ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటూ పోయాను. అచ్చులో పడిన బొక్క, పెడళ్ళ మిట్టలు, గీకేసిన సంగతి, అన్నీ వరసగా, దాచకుండా చెబుదామనుకున్నాను. ఆయన ఇంట్లో నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందదట. ఛాతీ ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలాసేపు ఆగేవాడు. అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉంది. అత్త నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టేలోగా ఆయనే అడిగాడు.

"పాపా, ఒకటి అడుగుతా. ఏమనుకోవు కదా."

అడగమన్నాను.

"ఆ పొద్దు బొక్క చూసి చెప్పినావే... తెలియక చెప్పినావా, తెలిసే చెప్పినావా?"

అమ్మ విసనకర్ర ఆగింది. ఆమె నావైపు చూడలేదు. మంచం పట్టె మీద ఉన్న తమ్ముడి చెయ్యి చూస్తూ ఉంది. దారి పొడవునా నేను పేర్చుకున్న మాటలు అన్నీ వరస తప్పకుండా గుర్తున్నాయి. మొదటి మాట చెబితే చాలు, తక్కినవి వాటంతట అవే వస్తాయి.

"తెలియక మామా. చిన్నదాన్ని కదా," అన్నాను.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత ఆయన ముఖంలో బిగువు సడలడం నేను కళ్ళారా చూశాను. నుదురు, కనుబొమలు, దవడ, ఒకదాని తర్వాత ఒకటి. అమ్మవైపు తిరిగి, "విన్నావా అక్కా," అన్నాడు. మళ్ళీ నావైపు తిరిగాడు. రెండు చేతులూ ఎత్తి కలపబోయి, ఒకటి జారిపోతే రెండోదాన్నే నుదుటి దాకా ఎత్తాడు.

"తెలిసే చెప్పినావని ఇన్నేండ్లు నీ మీద చెడ్డగా అనుకుంటా ఉన్నా పాపా. ఆడబిడ్డ మీద అట్ల అనుకోకూడదు. తప్పు నాది. మనసులో పెట్టుకోబాక."

"పర్వాలేదు మామా," అన్నాను. తడబడకుండా, ఆయనకు స్పష్టంగా వినపడేలా అన్నాను.